వంగడం కొత్తదని తేల్చే ఖర్చు ఎవరి ఖాతాలోకి?

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థలో కొన్ని మడులు దిగుబడి చూడటానికి వేసినవి కావు. ఒక్కో రకం కొన్ని వరుసలే ఉంటుంది. పక్కనే దాన్ని పోలిన ఇంకో రకం, దాని పక్కన మరొకటి. పరిశీలన నారు దశలోనే మొదలవుతుంది. ఆకు తొడుగు అడుగున ఊదా రంగు ఉందా, పచ్చగానే ఉందా? పోటాకు నిటారుగా నిలబడిందా, పక్కకు వాలిందా? సగం మొక్కలు వెన్ను తీయడానికి ఎన్ని రోజులు పట్టింది? పువ్వులో కీలాగ్రం తెలుపా, ఊదానా? గింజ కొసన మీసం ఉందా? వెయ్యి గింజల బరువెంత? వండితే సువాసన వస్తుందా? మన దేశంలో వరికి ఇలా చూడాల్సిన లక్షణాలు 62.

ఎవరైనా ఒక కొత్త వరి రకాన్ని తయారుచేసి, తమ అనుమతి లేకుండా దాని విత్తనం మరెవరూ ఉత్పత్తి చేసి అమ్మకూడదని హక్కు కోరితే ఈ పరీక్ష దాటాల్సిందే. దీన్ని డీయూఎస్ పరీక్ష అంటారు. ఇందులో మూడు ప్రశ్నలు ఉంటాయి. ఇప్పటికే తెలిసిన రకాలన్నిటికీ ఇది కనీసం ఒక లక్షణంలోనైనా స్పష్టంగా వేరుగా ఉందా? మడి మొత్తం ఒకేలా ఉందా? తరం మారినా అలాగే ఉంటుందా? విశిష్టత, ఏకరూపత, స్థిరత్వం అని పుస్తకాల్లో రాసేది వీటినే.

దిగుబడి ఎంత అన్నది ఈ ప్రశ్నల్లో లేదు. చాలామంది రైతులు, కొందరు డీలర్లు కూడా ఇక్కడే పొరబడతారు. 'రిజిస్టర్ అయిన వంగడం' అని ప్యాకెట్ మీద ఉంటే ప్రభుత్వం మంచి విత్తనమని ముద్ర వేసిందనుకుంటారు. అసలు సంగతి వేరు. ఎకరానికి పది బస్తాలు పండే రకమైనా సరే, మిగతా వాటికన్నా వేరుగా, ఒకే తీరుగా ఉంటే హక్కుకు అర్హమే. దిగుబడి, తెగుళ్ల నిరోధం చూసేది ఇంకో వ్యవస్థ. వరికైతే 1965లో మొదలైన అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం ఆ పని చేస్తుంది. దాని కేంద్రం కూడా రాజేంద్రనగరే. అంటే ఒకే వంగడం రెండు వేర్వేరు దారుల్లో, రెండు వేర్వేరు ఖర్చులతో పరీక్షలకు నిలబడుతుంది. మార్కెట్లోకి రావడానికి ఒకటి, హక్కు రావడానికి ఇంకొకటి.

మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 2001లో వచ్చింది. దాన్ని అమలుచేసే ప్రాధికార సంస్థ 2005 నవంబరులో ఢిల్లీలో ఏర్పడింది. పంటల రకాలకు 15 ఏళ్లు, చెట్లకు, తీగజాతులకు 18 ఏళ్లు హక్కు ఇస్తారు. పరీక్ష ఫీజు ఎవరు కట్టాలన్నదానికి చట్టం సూటిగానే జవాబిచ్చింది: దరఖాస్తుదారు కట్టాలి, రైతులకు మాత్రం మినహాయింపు. ఫీజు పంటను బట్టి మారుతుంది, మామూలుగా పదుల వేల రూపాయల్లో ఉంటుంది. పెద్ద విత్తన కంపెనీకి ఇది లెక్కలోకి రాని మొత్తం. మేడ్చల్ దగ్గర ఇద్దరు బ్రీడర్లతో, అంటే కొత్త రకాలు తయారుచేసే నిపుణులతో, నడిచే చిన్న సంస్థకు, ఏడాదికి నాలుగైదు రకాలు బయటికి తెచ్చే విశ్వవిద్యాలయానికి అలా కాదు.

అయితే ఫీజు ఎక్కువా, తక్కువా అన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. ఫీజు వేరు, ఖర్చు వేరు. రసీదు మీద కనిపించేది ఫీజు. పొలంలో అయ్యేది ఖర్చు. ఆ రెండో లెక్క వేసి చూస్తే సమస్య ఎక్కడుందో తెలుస్తుంది.

మడుల లెక్క

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. అంకెలు ఊహించుకున్నవే, తర్కం మాత్రం పొలంలోది. పరీక్షకు ఒక కొత్త రకం వచ్చింది. దానికి దగ్గరగా కనిపించే పాత రకాలు 20 ఉన్నాయి. అన్నిటినీ పక్కపక్కన వేసి చూడాలి, అంటే 21 రకాలు. ఒక మడిలో కనిపించిన తేడా నేల వల్ల వచ్చిందో, రకం వల్ల వచ్చిందో తెలియాలంటే ఒక్కోదాన్ని మూడుసార్లు వేయాలి. అప్పటికి 63 మడులు. కొత్త రకానికి పరీక్ష కనీసం రెండు చోట్ల, రెండు పంటకాలాలు జరగాలి. చివరికి 252 మడులు. అందులో దరఖాస్తు చేసిన రకానివి 12 మాత్రమే. మిగతా 240 మడులు పోలిక కోసం వేసినవి.

ఇప్పుడు అదే ఏడాది అదే గుంపులోకి ఒకటి కాక పది కొత్త రకాలు వచ్చాయనుకుందాం. పోలిక రకాలు అవే 20. మొత్తం 30 రకాలు, 360 మడులు. ఒక్కో దరఖాస్తుకు పడేది 36. అంటే 252లో ఏడో వంతు. చేసే పని అదే, కూలి అదే. మనుషులు పెరిగేకొద్దీ తలసరి ఆటో ఛార్జీ తగ్గినట్టే ఇదీ.

ఈ లెక్కకు దూరంగా పోతున్న పంటలు చాలా ఉన్నాయి. వరి, పత్తి, మొక్కజొన్నలకు ఏటా దరఖాస్తులు వస్తూనే ఉంటాయి కాబట్టి ఆటో నిండుతుంది. అండుకొర్రకో, గోరుచిక్కుడుకో ఏడాదికి ఒకటి వచ్చినా గొప్పే. ఆ ఒక్క దరఖాస్తు కోసం పాత రకాలన్నిటి విత్తనం బతికించి ఉంచాలి, వేయాలి, చూడాలి. అసలు ఖర్చంతా ఫీజుగా వసూలు చేస్తే చిన్న పంటల్లో పరిశోధన చేసేవారు హక్కు జోలికే రారు. తక్కువ వసూలు చేస్తే మిగతాది ఖజానా భరించాలి. మధ్యేమార్గం ఏదైనా అది ఎవరో ఒకరి జేబులోంచి ఇంకొకరికి వెళ్లే సాయమే. దాన్ని ఒప్పుకోకుండా 'ఫీజు అందరికీ సమానం' అనడంలో అర్థం లేదు.

పోలిక రకాల విత్తనాన్ని నిలబెట్టడం విడిగా ఒక పెద్ద పని. మన దేశంలో ఇప్పటిదాకా విడుదలైన వరి రకాలే వెయ్యికి పైన ఉంటాయి. రైతుల దగ్గర ఉన్న దేశవాళీ రకాలు వీటికి అదనం. వాటి విత్తనాన్ని చల్లని గదుల్లో దాచాలి, మొలక శాతం పడిపోయే లోపు మళ్లీ పండించాలి, కల్తీ కాకుండా చూడాలి, ఒక్కోదాని వివరాలు డేటాబేస్‌లో ఉండాలి. ఆ ఏడాది ఒక్క దరఖాస్తూ రాకపోయినా ఈ ఖర్చు ఆగదు. మామిడి, నిమ్మ, ద్రాక్ష లాంటి వాటికైతే విత్తనం దాచే వీలు కూడా లేదు, బతికున్న చెట్లే కావాలి. చెట్టు కాపుకొచ్చేదాకా ఆగాలి, కాపు వచ్చాక ఒకటికి రెండు కాపులు చూడాలి. ఒక మామిడి రకం కొత్తదా కాదా అని పొలంలోనే తేల్చాలంటే ఓ పిల్లాడు బడిలో చేరి హైస్కూలుకు వచ్చేంత కాలం పడుతుంది.

ఏకరూపత పరీక్షకు కూలి ఎక్కువ. తన పుప్పొడితో తానే గింజ కట్టే వరిలాంటి స్వపరాగ సంపర్క పంటలో ఒక్క మొక్క పొడవుగా లేచినా, ముందే వెన్ను తీసినా దాన్ని కేళీగా లెక్కేస్తారు. ఎన్ని కేళీలు ఉంటే రకం తప్పినట్టు? 0.1 శాతం ప్రమాణంతో, 95 శాతం నమ్మకంతో లెక్క వేస్తే 1,500 మొక్కల్లో 4 కేళీల దాకా ఒప్పుకోవచ్చు, ఐదోది కనిపిస్తే తిరస్కరించవచ్చు. ఆ ఐదో మొక్క నిజంగా కేళీయేనా, గట్టు పక్కన ఎరువు ఎక్కువ పడి పెరిగిన మొక్కా అని తేల్చాలంటే ఏళ్ల తరబడి ఆ పంటను చూసిన కన్ను కావాలి. ఆ కన్ను ఉన్న టెక్నీషియన్ రిటైరైతే అదే నష్టం. ఏ ఫీజు పట్టికలోనూ దానికి ప్రత్యేక పద్దు ఉండదు.

హైబ్రిడ్లలో ఖర్చు మూడింతలవుతుంది. గద్వాల, నంద్యాల ప్రాంతాల్లో పత్తి విత్తనం పండించే రైతులకు ఆడ విత్తనం, మగ విత్తనం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. హైబ్రిడ్‌తో పాటు దాని తల్లి, తండ్రి రకాలనూ పరిశీలించాల్సి వస్తే ఒక దరఖాస్తు మూడు పరీక్షలవుతుంది. కంపెనీలకు డబ్బు కన్నా పెద్ద టెన్షన్ ఇంకోటి ఉంటుంది. తండ్రి రకం విత్తనం తమ గోడౌన్ దాటి బయట పొలానికి వెళ్తుంది. అది ఒక్క గుప్పెడు చేతులు మారినా పదేళ్ల పని పోయినట్టే. అందుకే కొన్ని సంస్థలు హక్కు కోసం దరఖాస్తు పెట్టకుండా, తల్లిదండ్రుల రకాలను రహస్యంగా ఉంచుకోవడమే మేలనుకుంటాయి. ఆ నిర్ణయంలో ఫీజు పాత్ర దాదాపు లేదు.

కాలం కూడా ఖర్చే. రెండు పంటకాలాల పరీక్ష, ఆపై అభ్యంతరాలకు గడువు, ఆపై ధ్రువపత్రం. కూరగాయల హైబ్రిడ్ మార్కెట్లో నాలుగైదేళ్లు నిలబడితే గొప్ప. దానికి 15 ఏళ్ల హక్కు ఇస్తామని చెప్పి, రిజిస్ట్రేషన్ పూర్తవడానికే మూడు నాలుగేళ్లు తీసుకుంటే ఆ హక్కు విలువ కాగితం మీదే మిగులుతుంది.

రిజిస్ట్రేషన్ వచ్చాక కూడా చెల్లింపు ఆగదు. కొత్త రకానికి ఏటా ఒక స్థిర మొత్తం, దానికి తోడు విత్తన అమ్మకాల విలువలో 0.2 శాతం, రాయల్టీ వస్తే అందులో 1 శాతం కట్టే పద్ధతి మన దేశం ఎంచుకుంది. ఇది తెలివైన ఏర్పాటే. ముందు తక్కువ తీసుకుని, రకం మార్కెట్లో నడిస్తే తర్వాత తీసుకోవడం. అమ్ముడుపోని రకం మీద భారం పడదు. కాకపోతే ఆ డబ్బు చట్టప్రకారం జాతీయ జన్యు నిధికి వెళ్తుంది, డీయూఎస్ మడుల్లో కలుపు తీసే కూలీకి నేరుగా చేరదు.

బయటి దేశాల దారులు

అమెరికా ఈ చిక్కును ఇంకోలా తప్పించుకుంది. అక్కడ 1970 నాటి చట్టం కింద ప్రభుత్వం పొలంలో పరీక్షలు చేయదు. బ్రీడరే తన పొలంలో పోలిక పరీక్షలు చేసుకుని, ఆ వివరాలు సమర్పిస్తాడు. పరిశీలకులు కాగితాలు, డేటాబేస్ చూసి నిర్ణయిస్తారు. చాలా ఏళ్ల పాటు మొత్తం ఫీజు 5,150 డాలర్లుగా ఉంది. మన రూపాయల్లో చూస్తే ఎక్కువే. దానికి తోడు పొలం పని ఖర్చంతా దరఖాస్తుదారుదే. ప్రభుత్వానికి మడులు అక్కర్లేదు, పోలిక రకాల సేకరణ పెద్దగా అక్కర్లేదు. మరి దరఖాస్తుదారు తనకు అనుకూలంగా పోలిక రకాలను ఎంచుకుంటే? ఆ తగువు తర్వాత కోర్టులో తేలాలి. ఖర్చు తగ్గలేదు, వాయిదా పడింది.

ఆస్ట్రేలియా మధ్యలో నిలబడింది. అక్కడా పరీక్ష బ్రీడరే చేయించుకోవాలి, అయితే ప్రభుత్వం గుర్తించిన అర్హుడైన నిపుణుడి పర్యవేక్షణలో.

యూరప్ మాత్రం పొలం పరీక్షనే నమ్ముకుంది. ఫ్రాన్స్‌లోని ఆంజేలో ఉన్న యూరోపియన్ మొక్కల రకాల కార్యాలయం 1995 నుంచి పనిచేస్తోంది. దానికి సొంత పొలాలు లేవు. నెదర్లాండ్స్, జర్మనీ, ఫ్రాన్స్ లాంటి దేశాల పరీక్షా సంస్థలకు పని అప్పగిస్తుంది. పంటలను ఖర్చు గుంపులుగా విడగొట్టి, ఒక్కో పంటకాలానికి ఒక్కో గుంపుకు వేరు ఫీజు పెట్టింది. అది వేల యూరోల్లో ఉంటుంది. ఆపిల్ లాంటి చెట్టుకు ఏళ్ల తరబడి కడుతూ పోవాలి. అయితే ఒక్క పరీక్ష, ఒక్క హక్కు, సభ్యదేశాలన్నిటిలో చెల్లుతుంది. హక్కు కోసం చేసిన పరీక్ష నివేదికనే దేశాల విత్తన జాబితాలకూ వాడుకోవచ్చు. 'ఒకే తాళంచెవి, చాలా తలుపులు' అని వాళ్లు చెప్పుకొనే సూత్రం ఇదే. అప్పటికే ఒకచోట పరీక్ష జరిగి ఉంటే ఆ నివేదికను కొన్ని వందల యూరోలకు కొనుక్కుంటే చాలు, మళ్లీ మడులు వేయనక్కర్లేదు. యూరప్ వ్యవస్థలో అతి పెద్ద ఆదా ఇదే. బ్రిటన్ బయటికి పోయాక అక్కడి బ్రీడర్లకు దీని విలువ తెలిసొచ్చింది. 2021 జనవరి నుంచి యూరోపియన్ హక్కు కొత్త రకాలకు బ్రిటన్‌లో చెల్లదు, అక్కడ విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.

మొక్కల రకాల రక్షణకు 1961లో పారిస్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలో, అంటే యూపోవ్‌లో, భారత్ సభ్యదేశం కాదు. చేరితే నివేదికల మార్పిడి సులువవుతుందని వాదించేవారున్నారు. కానీ ఆ ఒప్పందం 1991 రూపంలో, దాచుకున్న విత్తనాన్ని పంచుకునే, అమ్ముకునే రైతు స్వేచ్ఛకు చోటు ఇరుకు. మన చట్టంలో 39వ సెక్షన్ బ్రాండ్ పేరు పెట్టకుండా రైతు విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, అమ్ముకోవచ్చు అంటుంది. పరీక్ష ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని వదులుకోవడం చౌక బేరమేమీ కాదు.

ఉచితం అన్నది ఎవరికి?

చట్టంలోని 44వ సెక్షన్ ప్రకారం రైతు, రైతుల బృందం, గ్రామ సమాజం ఏ ఫీజూ కట్టనక్కర్లేదు. ప్రాధికార సంస్థ దగ్గరే కాదు, హైకోర్టు దాకా ఏ దశలోనూ. రైతు రకాల్లో కేళీల పరిమితి కూడా మామూలు దానికి రెట్టింపు. దేశవాళీ రకాల సహజ గుణమే కొంత వైవిధ్యం కాబట్టి ఇది న్యాయమే. దీని ఫలితం అంకెల్లో కనిపించింది. ఇప్పటిదాకా వచ్చిన దరఖాస్తుల్లో సగానికి పైగా రైతు రకాలవే, వాటిలోనూ సింహభాగం వరి.

రసీదు సున్నా అయినంత మాత్రాన మడులు సున్నా కావు. వేల కొద్దీ దేశవాళీ వరి రకాలను ఒకదానితో ఒకటి పోల్చాలి. ఒడిశా ఊళ్లో ఒక పేరుతో, ఛత్తీస్‌గఢ్ ఊళ్లో మరో పేరుతో ఉన్నది ఒకటే రకమా కాదా అని తేల్చాలి. ఇందులో అయ్యేదంతా కేంద్రం గ్రాంట్ నుంచే రావాలి. ఈ సాయం సరైనదే. కాకపోతే ధ్రువపత్రం పొందిన రైతుకు దాని వల్ల ఆదాయం వచ్చిన సందర్భాలు అరుదు. ఆ పరీక్షకు పెట్టిన ఖర్చును హక్కు కోసం పెట్టినట్టుగా కాక, దేశంలోని వరి రకాల జాబితా తయారీకి పెట్టినట్టుగా చూస్తేనే లెక్క కుదురుతుంది. ఆ జాబితా తర్వాత వచ్చే ప్రతి కంపెనీ దరఖాస్తుకూ పోలిక రకాల సేకరణగా పనికొస్తుంది. అంటే కంపెనీల పరీక్షకు కావాల్సిన పునాదిలో కొంత రైతు రకాల పేరున ప్రజల డబ్బుతో పడుతోంది. ఈ మాట ఫీజుల చర్చలో ఎక్కడా వినిపించదు.

ఒక పక్క సంగతి. పొలంలో ఏళ్ల తరబడి చేసే పరీక్ష కన్నా దరఖాస్తులోని ఒక గడి ఎక్కువ ఖర్చు పెట్టించిన ఉదంతం కూడా ఉంది. పెప్సికో కంపెనీ ఎఫ్ఎల్ 2027 ఆలూ రకం మీద ఉన్న హక్కుతో 2019లో గుజరాత్ రైతుల మీద కేసులు వేసి, విమర్శలు వచ్చాక వెనక్కి తీసుకుంది. ఆ రిజిస్ట్రేషన్‌నే రద్దు చేయాలని రైతు హక్కుల కార్యకర్త కవితా కురుగంటి పిటిషన్ వేశారు. దరఖాస్తులో 'కొత్త రకం' అని చూపడం, మొదట అమ్మిన తేదీ తప్పుగా రాయడం అందులో ముఖ్యాంశాలు. ప్రాధికార సంస్థ 2021 డిసెంబరులో రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ పెప్సికోకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. మొక్కలో ఏ తేడా ఉందన్నది అక్కడ ప్రశ్నే కాలేదు.

డీఎన్ఏ పరీక్ష ఉండగా ఈ మడులన్నీ ఎందుకని అడగడం సహజం. డీఎన్ఏలో తేడా ఉన్నంత మాత్రాన కొత్త రకమని ఇవ్వడం మొదలుపెడితే, పాత రకంలో ఎక్కడో ఒక పనికిరాని తేడా చూపించి ఎవరైనా హక్కు పట్టుకుపోవచ్చు. అందుకే ప్రపంచమంతా చివరి తీర్పును ఇంకా మొక్క రూపానికే వదిలింది. డీఎన్ఏ అక్కరకొచ్చేది పోలిక రకాలను తగ్గించడంలో. ఫ్రాన్స్ మొక్కజొన్న తల్లిదండ్రుల రకాల్లో ఈ పద్ధతి అభివృద్ధి చేసింది. రూపంలోనూ, డీఎన్ఏలోనూ బాగా దూరంగా ఉన్న రకాలను ముందే పక్కన పెట్టేసి, దగ్గరివాటినే పొలంలో వేస్తారు. పైన వేసిన లెక్కలో 20 పోలిక రకాలు 5కు తగ్గితే 252 మడులు 72 అవుతాయి. ఫీజు పెంచాలా తగ్గించాలా అని వాదించుకోవడం కన్నా వరి, పత్తి, మిరప రకాలన్నిటికీ ఒక్కసారి డీఎన్ఏ వివరాలు సేకరించి పెట్టడానికి డబ్బు వెతకడం మేలు.

అయితే ఈ ఉపాయం కూడా అన్నిచోట్లా పారదు. 2008లో విడుదలైన మెరుగైన సాంబా మసూరినే చూడండి. భారత వరి పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి తయారుచేసిన ఈ రకంలో బాక్టీరియా ఎండు తెగులును తట్టుకునే మూడు జన్యువులు చేరాయి. మిగతాదంతా బాపట్ల సాంబా మసూరే. గింజ అదే, అన్నం అదే, అదే దాని గొప్ప కూడా. మడిలో పక్కపక్కన నిలబెడితే అనుభవమున్న రైతు కూడా తడుముకుంటాడు. తెగులు సోకించి చూస్తే తప్ప తేడా బయటపడదు. ఇలాంటప్పుడు మామూలు పరీక్ష సరిపోక ప్రత్యేక పరీక్షకు వెళ్లాలి, దానికి వేరే ఏర్పాటు, వేరే ఖర్చు.

2025 మే 4న కేంద్రం జీనోమ్ ఎడిటింగ్‌తో, అంటే మొక్క డీఎన్ఏలో కావాల్సిన చోట మార్పు చేసే పద్ధతితో, చేసిన రెండు వరి రకాలను ప్రకటించింది. రెంటికీ మూలం తెలుగు నేల రకాలే. సాంబా మసూరి నుంచి వచ్చిన కమల మూలరకం కన్నా దాదాపు 20 రోజులు ముందే కోతకొస్తుందని చెప్పారు. వెన్ను తీసే రోజులు లెక్కపెడితే తేడా దొరుకుతుంది, మామూలు మడి చాలు. మార్టేరు కాటన్‌దొర సన్నాలు నుంచి వచ్చిన పూసా డీఎస్‌టీ రైస్ 1 గొప్పతనం మాత్రం చౌడు నేలల్లో, ఉప్పు నేలల్లో తట్టుకోవడం. మంచి నేలలో, మంచి నీటితో, 62 లక్షణాల పట్టిక పట్టుకుని చూస్తే ఆ గుణం కనపడదు. అలాంటి గుణం మీద హక్కు అడిగితే ఉప్పు నేల మడులు వేయాలి, ఉప్పు శాతం ఏటా ఒకేలా ఉంచాలి, మూలరకాన్ని పక్కనే పెంచాలి. ఆ మడుల ఖర్చును ఏ పద్దులో రాయాలో ఇప్పుడున్న ఫీజు పట్టిక చెప్పదు.